మంజీర కొత్త నీళ్ళలో నా గొంతు

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే నవ్వి చెడగొట్టేది నేనే. ఇప్పటికీ దయ్యం ఉందని చెప్పను. ఒక మధ్యాహ్నం నా చెవులతో విన్నది మాత్రం చెబుతాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో ఉద్యోగరీత్యా జహీరాబాద్‌లో ఉన్నాను. మాది కాకినాడ దగ్గర. ఉప్పుటేర్లలో పండుగప్ప చేపలు పట్టిన చెయ్యి అని అందరి దగ్గరా గొప్పలు పోయేవాణ్ణి. ఆ గొప్పలు విన్న ఆఫీసువాళ్ళే నాకు సాయన్నను చూపించారు. న్యాల్‌కల్ దాటాక మంజీర ఒడ్డున అతని ఊరు. భారీ వానల తర్వాత వాలుగ చేప ఎక్కడ పడుతుందో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదనేవారు. గాలం సరదా ఉన్నవాళ్ళను వెంటబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. అదే అతని బతుకుతెరువు.

మూడు రోజుల ముసురు ఆగాక బస్సెక్కి వెళ్ళాను. నదిలో ఎర్రటి కొత్త నీళ్ళు. వెదురు కర్రతో లోతు చూస్తూ సాయన్న ముందు నడిచాడు, అతని అడుగులోనే నేను అడుగు వేశాను. ఒడ్డున నన్ను నిలబెట్టి ఒక కట్టుబాటు చెప్పాడు.

“సారూ, నేను నీళ్ళల్ల దిగినంక పేరు వెట్టి పిలువద్దు. కొత్త నీళ్ళు పేరు వింటయి. ఈల వెయ్యున్రి, నేనొస్త.”

సరేనన్నాను. లోపల నవ్వుకున్నాను.

నేను ఒడ్డున గాలం వేశాక, అతను చేపల జాడ చూడడానికి జమ్ముగడ్డి అవతల మోకాలిలోతు నీళ్ళలోకి దిగాడు. గడ్డి సందుల్లోంచి నాకతను కనిపిస్తున్నాడు, అతనికి నేను కనిపించను. కాసేపటికి ఒక వాలుగ నా ఎరను మింగింది. నా చేతిలో గాలపు కర్ర వంగిపోయింది. ఈల వేద్దామంటే నోరెండిపోయి గాలే వచ్చింది. “సాయన్నా!” అని అరిచేశాను. ఒక్కసారే.

అతను నా వైపు తిరిగాడు. అప్పుడు నది నడిమధ్య నుంచి ఇంకో కేక వచ్చింది. “సాయన్నా, ఇటు రా.” అది నా గొంతు. నా కోస్తా యాస. మునిగిపోతున్నవాడు పిలిచినట్టుంది. అక్కడ మనిషి లేడు. ప్రతిధ్వని అనుకుందామంటే అవతలి ఒడ్డు చదునైన చేను, పైగా ‘ఇటు రా’ అని నేను అనలేదు.

నేను కొట్టుకుపోతున్నానని సాయన్న అనుకున్నాడు. కర్ర పారేసి ప్రవాహంలోకి దూకాడు.

“నేనిక్కడున్నాను” అని ఒక్క కేక వేస్తే ఆగేవాడేమో. వెయ్యలేదు. భయమో, గాలానికున్న చేపో, రెండూనో. నిజం చెప్పాలంటే ముందు చేపను ఒడ్డుకు లాగాను.

ఏటి దిగువన, నీళ్ళలో మునిగిన తుమ్మచెట్టు కొమ్మ పట్టుకుని వేలాడుతుంటే బర్రెలు కాసే ఇద్దరు అతన్ని బయటికి లాగారు. భుజం జారింది. నేను వెళ్ళేసరికి చేప నా చేతిలోనే ఉంది. నన్ను చూసి అతను తెల్లబోయాడు.

“మీరు ఒడ్డుకే ఉన్నరా? మరి నడి ఏట్లకెళ్ళి నన్ను పిలిచిందెవరు?”

ఆ ఇద్దరూ నా మొహం చూస్తున్నారు. పేరు పెట్టి పిలిచానంటే తప్పంతా నా మీద పడుతుంది. “ఎవరూ పిలవలేదు. నేనసలు నోరే తెరవలేదు” అన్నాను.

ఆ మాట ఊళ్ళు తిరిగింది. సాయన్నకు లేని గొంతులు వినిపిస్తున్నాయట, పిచ్చి పట్టిందట అన్నారు. అలాంటివాడి వెనక నీళ్ళలోకి ఎవరు దిగుతారు? గాలం పట్టుకుని అతని గడప తొక్కినవాళ్ళు మళ్ళీ లేరు. జారిన భుజంతోనే చెరకు కొట్టే కూలికి పోయాడు.

ఆ తర్వాతి ఏడు నాకు బదిలీ అయింది. అది విని సాయన్న జహీరాబాద్ బస్టాండుకు వచ్చాడు. నన్ను సాగనంపడానికి వచ్చిన ఆఫీసువాళ్ళు చుట్టూ ఉన్నారు. దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

“ఒక్క మాట చెప్పున్రి సారూ. ఆ దినం మీకు గూడ ఇనొచ్చిందా?”

“లేదు” అన్నాను.

“గట్లనా. అయితే నా దిమాకే ఖరాబైనట్టుంది” అన్నాడు. ఎడమ చేత్తో నా పెట్టె బస్సులో పెట్టి, “పైలంగ పోయి రాన్రి” అన్నాడు.

నది నడుమ నుంచి నా గొంతుతో పిలిచింది ఏమిటో ఈనాటికీ నాకు తెలియదు. బస్టాండులో లేదన్నది మాత్రం నేనే.