అరికాలికి సున్నం

వైద్యశాస్త్రానికి నేను చేసిన సేవ గురించి చెప్పబోతే మా ఇంట్లోవాళ్ళు ముందు కిటికీలు మూస్తారు, పక్కింటికి వినబడితే పరువు పోతుందని. మీరు మాత్రం నింపాదిగా వినండి. ఒక కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి వెళ్ళి, ఆ మందునీ, డాక్టరునీ, సొంత చెల్లెలినీ ఒకే నోటితో నట్టేట ముంచిన మహానుభావుణ్ణి నేను.

నేను రైల్వేలో రిటైరవడానికి కొద్దిగా ముందు మాట ఇది. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. షుగరు మా ఇంటి ఆస్తి. నాన్న నుంచి నాకూ, చెల్లెలు నూకరత్నానికీ సమానంగా వచ్చింది. దాని కాలు మొద్దుబారి, పుండు ఎప్పుడు పడిందో కూడా తెలియక, చివరికి బొటనవేలు తీసేశారు. ఆ తరవాత ఇందా అనే పేట వైపు ఒక ఆసుపత్రిలో కాళ్ళ తిమ్మిరికి కొత్త మాత్ర పరీక్షిస్తున్నారనీ, మనుషులు కావాలనీ విని నా దగ్గరకు వచ్చింది.

"పద అన్నియ్యా, మనమూ ఎల్దాం."

"నీకేటి పిచ్చా? అలాటియి ఎలకల మీద సేస్తారు."

"ఎలకలయిపోనాయట. ఇప్పుడు మనమట."

"ఎల్తే నీ బొటనేలు తిరిగొస్తాదేటి?"

"నా కోసం కాదు. సుజాతకీ షుగరొచ్చింది కదా. దాని కాళ్ళయినా ఉండాలి."

సుజాత దాని కూతురు. ఇంకా పెళ్ళి కూడా కాని పిల్ల. నేనూ పేరిచ్చాను. చెల్లెలి కారణం అదీ. నా కారణం చెప్పడానికి సిగ్గేస్తోంది. పరీక్షలు ఊరికే చేస్తారు, పైగా రానంటే చెల్లెలి దగ్గర పిరికివాణ్ణవుతాను. ఆసుపత్రి బెంచీ మీద పక్కనున్న బెంగాలీ ముసలాయన్ని "మీరెందుకొచ్చారు దాదా?" అని అడిగాను. "నా కాళ్ళెలా ఉన్నాయో ఇంట్లో ఎవరూ అడగరు. ఇక్కడ అడుగుతారు" అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు రాదు.

బెంగాలీ డాక్టరమ్మ హిందీలో ఓపిగ్గా చెప్పింది. "కొందరికి అసలు మందు ఇస్తాం, కొందరికి ఉత్త మాత్ర. ఎవరికి ఏది అన్నది మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయవచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అంతే చాలు."

ఉన్నది ఉన్నట్టు! రైల్వేవాడితో అనవలసిన మాటేనా? పెద్ద ఆఫీసరు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాడంటే నేను ముందు దారి పక్క రాళ్ళకు సున్నం వేయించేవాణ్ణి. నేల పగిలినచోట పూలకుండీ పెట్టించేవాణ్ణి. ఆయన ఏమడిగినా "ఓకే సార్" అనేవాణ్ణి. ఉద్యోగమంతా ఇలా వెలగబెట్టినవాడికి డాక్టరును చూస్తే మాత్రం కొత్త బుద్ధి ఎక్కణ్ణుంచి వస్తుంది?

పరీక్ష చాలా తేలిక. మనం కళ్ళు మూసుకోవాలి. ఆవిడ సన్నటి నైలాన్ పోగును అరికాలి మీద అక్కడక్కడ ఆనిస్తుంది. తెలిసినప్పుడు "తగిలింది" అనాలి. మొదటిసారి నిజమే చెప్పాను, తగిలింది తక్కువ. ఆవిడ మొహం చిన్నబోయినట్టు కనిపించింది. నాకు మెమో ఇచ్చినంత అవమానమైంది.

ఇక అక్కణ్ణుంచి ప్రతిసారీ ఇన్‌స్పెక్షనే. ముందురోజు కాళ్ళు చురుకెక్కాలని వీధులన్నీ తిరిగేవాణ్ణి. పొద్దున్నే పాదాలు రుద్ది, కొబ్బరినూనె రాసి, పైన పౌడరు దట్టంగా కొట్టేవాణ్ణి. దానికి తోడు ఇంకో రహస్యం కనిపెట్టాను. డాక్టరమ్మ ముందుకు వంగినప్పుడల్లా ఆవిడ కుర్చీ కిర్రుమనేది. కిర్రుమంటే చాలు, "తగిలింది!" అనేవాణ్ణి.

"బాః దాదా!" అని మెచ్చుకునేది ఆవిడ.

నూకరత్నం మాత్రం "నహీ లగా దీదీ" అని, తగల్లేదని నిజమే చెప్పేది. వచ్చేటప్పుడు ఆటోలో దాన్ని మందలించాను.

"పరువు తీసేస్తన్నావే! ఒక్కసారైనా తగిలిందనొచ్చు గదా?"

"తగల్నేదు గదా అన్నియ్యా. పోన్లే, నీకు మందు పన్సేస్తంది. సుజాతకి ఫోన్ సేసి సెప్పినాను. సంతోసం పట్టలేక ఏడిసేసింది."

అక్కడైనా నేను నోరు విప్పవలసింది. విప్పలేదు.

తరవాతిసారి వెళ్ళి, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కుర్చీ కిర్రుమంది.

"తగిలింది" అన్నాను.

మళ్ళీ కిర్రు.

"ఇప్పుడూ తగిలింది."

ఈసారి "బాః దాదా" వినపడదేం? కళ్ళు తెరిచాను. పోగు బల్ల మీదే ఉంది. డాక్టరమ్మ వంగి నా మడమ వైపే చూస్తోంది.

"దాదా, నేనింకా ముట్టుకోనేలేదు."

దూది తీసుకుని పౌడరు తుడిచింది. పటకారుతో మడమలోంచి ఏదో లాగి నా ముందు పట్టుకుంది. చెప్పులకు కొట్టే చిన్న మేకు. నెత్తుటితో ఉంది.

"మరి ఇది ఎప్పుడు తగిలింది?"

నాకు తెలియదు. ఆ మేకుతోనే వీధులు తిరిగానో, ఆటో ఎక్కానో!

నూకరత్నం ఆ మేకును చూసింది, వేలు లేని తన కాలిని చూసుకుంది.

"అయితే అన్నియ్యా, ఇన్నాళ్ళూ తగిలిందన్నావు, అదంతా..."

"అబద్దమే రత్నం."

"సుజాతకి ఏటని సెప్పను?" అంటూ ఏడ్చేసింది.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. "మీరు పాసవ్వాలని కాదు దాదా పిలిచింది. ఇది నేను పైవాళ్ళకు చెప్పాలి. మీ పాత జవాబులు పక్కన పెట్టేస్తారు. నమ్మేసి ఉంటే, మాత్ర పనికిరానిదైనా ఇంకెవరి నోట్లోకో వెళ్ళేది" అంది. తిట్టినా బాగుండేది.

సుజాతకు నేనే ఫోన్ చేశాను.

"మందు పన్సెయ్యదా మావయ్యా?"

"తెలీదమ్మా. తెలుసుకోడానికే ఎల్నాం. నేనే సెడగొట్టినాను."

"అమ్మ నిజమే సెప్పిందా?"

"ప్రతిసారీ."

"అయితే మానెయ్యకండి. ఇద్దరూ ఎల్లండి."

మడమ మానాక వెళ్ళాను. నూనె లేదు, పౌడరు లేదు. ఈసారి పోగు నిజంగానే ఆనించారట. మొదటినుంచి చివరిదాకా "తగల్లేదు" అన్నాను. "థాంక్యూ దాదా" అంది డాక్టరమ్మ. సర్వీసంతా ఇన్‌స్పెక్షన్లు పాసవుతూ వచ్చినవాణ్ణి, అన్నీ తప్పి మెప్పు పొందింది అదే మొదలు.

కాబట్టి పాఠకుల సమక్షంలో ఘనంగా ప్రమాణం చేస్తున్నాను. తగలనిది తగిలిందని ఇక ఏ డాక్టరుకూ చెప్పను, కుర్చీల చప్పుడుకు చెవి ఒగ్గను. మా చెల్లెలికి ఈ ప్రమాణం మీద బొత్తిగా నమ్మకం లేదు. అందుకే నా వంతు వచ్చినప్పుడల్లా పక్కన చేరి, తన అరచేతితో నా కళ్ళు గట్టిగా మూస్తుంది. ఆ చెయ్యి మాత్రం నాకు బాగా తగులుతుంది.