తారాఫీసు వెనక అర్ర

బాబు పుట్టిన కొత్తలో నాకు పాలు పడలేదు. సిద్దిపేటలో తారాఫీసు ముందు గదిలో ఉంటే, మేము వెనక అర్రలో ఉండేవాళ్ళం. మా ఆయన అక్కడ తార్లు, అంటే తంతి వార్తలు, అందుకునే గుమాస్తా. మేకపాలు పోస్తే బాబు కక్కేస్తున్నాడు. తొడల మీద చర్మం వదులైంది. తల్లిపాలు తప్ప వేరే దారి లేదన్నాడు దవాఖానలో డాక్టరు. అత్తమ్మ నంగునూరుకు కబురు పంపింది. అక్కడ మా ఆడబిడ్డకు చంటిపిల్ల ఉంది. ఆమె వచ్చి బాబును తీసుకుపోయి తన పాలిచ్చి సాకుతుంది. ఎన్నాళ్ళో ఎవరూ అనలేదు.

నాకు ఏడుపు రాలేదు. బాబు బట్టలు మడతపెట్టమంటే మడతపెట్టాను. వాడు బతకడేమోనన్న భయం పగలంతా తలలో తిరిగేది. ఒంట్లోకి మాత్రం దిగేది కాదు.

ఆడబిడ్డ రావలసిన పొద్దు ముసురు పట్టింది. తెల్లారినప్పటి నుంచి ముందు గదిలో చప్పుడు లేదు. రోజంతా టకటకలాడే తార్ పెట్టె మూగబోయేసరికి, బాబును ఎత్తుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. మా ఆయన రిలే అనే చిన్న యంత్రం మీదికి వంగి ఉన్నాడు. తీగ చుట్టిన ఇనుము, దాని ముందు సన్నని నాలుక, ఆ నాలుకను వెనక్కి లాగే స్ప్రింగు. నాలుక వణుకుతోంది గాని ఎదుటి మొనకు తగలడం లేదు.

“పట్నం నుంచి వచ్చే కరెంటు తడి స్తంభాలకాడనే సగం పోతది. ఈడికొచ్చేది గింతనే,” అని స్ప్రింగు మర కొంచెం వదులు చేశాడు. నాలుక తగిలింది. బల్ల మీది పెట్టె గట్టిగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆయన పెన్సిలు అందుకున్నాడు.

అత్తమ్మ నా వెనకే వచ్చింది. “ఏందే, పట్నంల కొడితే ఈడ గింత గట్టిగ మోగుతదా?”

“మోగేది పట్నం కరెంటు కాదత్తమ్మా. అది ఆ నాలుకను కదిలిస్తది, అంతే. నాలుక తగిలితే ఈడున్న మన బ్యాటరీకి దారి కలుస్తది. చప్పుడంతా మన బ్యాటరీదే.”

“అంటే పట్నపోళ్ళు గోకితే ఈడోళ్ళు అరుస్తరు.”

“అంతే.”

“గిది సదివేటందుకా మీ బాపు నిన్ను పట్నంల ఉంచింది?”

కాలేజీలో ఉర్దూలో చదివిన పాఠం అది. పరీక్షలో రెండు వలయాలు విడివిడిగా గీశాను. ఒకదాని కరెంటు రెండోదానిలోకి ఒక్క చుక్క కూడా పోదు. తలుపు తెరుస్తుంది, అంతవరకే దాని పని.

మధ్యాహ్నం దాటాక ఎడ్లబండి వచ్చింది. ఆడబిడ్డ తన పిల్లను బండి గూడు కిందనే పడుకోబెట్టి, తడి గొంగడి దులుపుకుంటూ లోపలికి వచ్చింది.

“ఏడి నా అల్లుడు? ఇటియ్యి వదినె.”

ఇచ్చాను. చేతులు ఖాళీ అయ్యాయి. ఏమీ అనిపించలేదు.

అప్పుడు బండిలో ఆమె పిల్ల లేచి ఏడ్చింది. నా రొమ్ముల్లో సూదులు గుచ్చినట్టయింది. రైక ముందంతా తడిసింది. ఆమె తడి గొంగడి తగిలిందనుకున్నాను.

ఆడబిడ్డ చూసింది. “అవ్వా, వదినెకు పాలు పడ్డయి.”

అత్తమ్మ దగ్గరికొచ్చి చూసి, “నీ కొడుకు ఏడిస్తే రాలె. నీకు కాబోయే కోడలు ఏడిస్తే వచ్చినయి. ఇప్పటిసందే కోడలి మాట నడుస్తది,” అంది.

బాబును మళ్ళీ నా ఒళ్ళో పెట్టారు. వాడు వెతుక్కున్నాడు, పట్టుకున్నాడు, పొలమారి దగ్గాడు, మళ్ళీ పట్టుకున్నాడు. గుటక చప్పుడు వినబడింది. ఆ ఏడుపు నాలో దేన్ని తగిలించిందో తెలియదు. పాలు నావే, కాని అవి వస్తుంటే నేను పక్కన నిలబడి చూస్తున్నట్టుంది.

“నాలుగొద్దులు ఉండిపో. నీ పిల్లను ఎంబడే ఎత్తుకోకు, జర ఏడ్వనియ్యి,” అంది అత్తమ్మ.

“నా పిల్లేమన్న మీ తార్ పెట్టెనా, పొద్దుమాపు మొత్తుకోనీకె?” అంది ఆడబిడ్డ. కాని పిల్లను లోపలికి తెచ్చుకుని బండిని వెనక్కి పంపించేసింది.

బాబు తాగుతూనే నిద్రపోయాడు. సంతోషపడాలని తెలుసు. వాళ్ళిద్దరూ నా ముఖంలోకే చూస్తున్నారు. వాడిని లేపి రెండో పక్కకు మార్చుకున్నాను.