మగ్గం గుంత ఉందని చెప్పాను

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని ఒడిలో మోస్తున్నాను. మాటవరసకు అనడం లేదు. నిజంగానే పీట మీద కూర్చుని, కొంగు పట్టి, అందులో బియ్యం పోయించుకున్నాను. ఈ సంగతి మా ఆయనకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే కాస్త ధైర్యంగా ఉంది.

మాది హైదరాబాద్. పెళ్లయిన ఆరు నెలలకు మా ఆయనకు సోలాపూర్‌లో, తువ్వాళ్లు తయారుచేసే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. "అక్కడ గల్లీ నిండా తెలుగువాళ్లే, నీకేం భయం" అన్నాడు. నేతపని వాళ్ల పేటలో ఇల్లు తీసుకున్నాం. తెల్లారితే నాలుగు వైపులా మరమగ్గాల చప్పుడు. తెలుగు వినిపించేది, నిజమే. కానీ ఒకే మాట తెలుగులో మొదలై, మరాఠీలో మలుపు తిరిగి, హిందీలో ఆగేది. మొదటి సగానికి నవ్వి, రెండో సగానికి బిక్కమొహం వేసేదాన్ని. కూరగాయల బండి దగ్గర వేలు చూపించి కొనుక్కునేదాన్ని. మూడు వారాల పాటు మా ఆయనతో తప్ప ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడలేదు. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చిన రోజులున్నాయి.

మా ఎదురిల్లు నర్సవ్వది. పెద్దావిడ. ఆమె అరుగు మీద మధ్యాహ్నం పూట ఐదారుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. నేను బయటికి వస్తే చాలు, ఒకటే ప్రశ్న. ఏ ఊరు? హైదరాబాద్ అంటే నర్సవ్వ ఒప్పుకునేది కాదు. "గది అందరి ఊరు. నీ ఊరేదో చెప్పు బిడ్డా" అనేది. నాకు ఊరు లేదు. మా నాన్న అద్దె ఇళ్లలో పెరిగాడు, నేనూ అంతే. ఆ అరుగు మీది వాళ్లలో చాలామంది సోలాపూర్‌లోనే పుట్టారు. అయినా ఒక్కొక్కరికీ తెలంగాణలో ఒక ఊరుంది, చూడకపోయినా ఉంది. నాకు లేదని చెబితే అందరూ అయ్యో అన్నట్టు చూశారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

నర్సవ్వ పుట్టిన ఊరి పేరు ఆమె కోడలు సుజాత ఒకసారి నాతో అంది. ఆ పేరు ఇక్కడ రాయను, రాస్తే ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. మళ్లీ అడిగినప్పుడు ఆ పేరే చెప్పేశాను. నాన్న వైపు ఊరు లేదు గానీ మా అమ్మవాళ్లది అక్కడే, చిన్నప్పటి నుంచి వెళ్లొస్తుంటాను అన్నాను. నర్సవ్వ చేతిలోని తునికాకు కింద పడింది. ఎనిమిదేళ్ల పిల్లగా ఆ ఊరు వదిలి వచ్చిన మనిషి, మళ్లీ వెళ్లలేదు. నా రెండు చెంపలూ పట్టుకుని చూసింది. తర్వాత అడిగింది.

"మా నాయన మగ్గం గుంత ఉన్నదా బిడ్డా, పూడ్చిండ్రా?"

గుంత ఏమిటో నాకు తెలియదు. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని నేసేవాళ్లని ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది.

"ఉన్నదవ్వా" అన్నాను.

"అట్లనే ఉన్నదా?"

"అట్లనే ఉన్నది. ఎవ్వరూ ముట్టలేదు."

ఆమె చాట కింద పెట్టి, గోడ పట్టుకుని లేచింది. "సుజాతా! ఇన్నవా! మా నాయన గుంత అట్లనే ఉన్నదట! చాయ్ పెట్టు, జరా లవ్కర్, జల్దీ, అందరికి పెట్టు!" అని గల్లీ అంతా వినపడేలా అరిచింది. ఊరు వదిలిన రోజు వాళ్ల నాన్న మగ్గం విప్పి కట్టెలు అమ్మేశాడట గానీ, గుంత మాత్రం పూడ్చనివ్వలేదట. మళ్లీ వస్తాం, ఉండనీ అన్నాడట. ఇక్కడికొచ్చాక రాత్రీ పగలూ చాదర్లు నేస్తూ, ఆ మాట అంటూ అంటూనే పోయాడట. ఇదంతా చెబుతూ నర్సవ్వ ఏడ్చింది, నవ్వింది. అందరం చాయ్ తాగాం. నేనూ తాగాను. ఇంకో కప్పు కూడా పోయించుకున్నాను.

ఆ రోజు నుంచి నేను ఆ గల్లీకి ఊరి పిల్లను. మా అమ్మమ్మవాళ్ల ఊరే కాబోలని మా ఆయనా నమ్మాడు. ఎంత సంతోషంగా బతికానో ఎలా చెప్పను! సుజాత నాకు మరాఠీ నేర్పింది. బస్సు ఆపమనబోయి కండక్టర్‌ను కూర్చోమన్నానని ఆర్నెల్లు నవ్వారు. జొన్న రొట్టె చేత్తో తట్టడం నేర్పారు. నా మొదటి రొట్టెను సుజాత తునికాకులు కోసే కత్తెరతో గుండ్రంగా కత్తిరించి పళ్లెంలో పెట్టింది. జ్వరమొస్తే తిట్టారు, కబురు చేయనందుకు ఇంకా తిట్టారు. వాళ్లు దంచి పంపే పల్లీ పొడి చట్నీ సీసా మా ఇంట్లో ఏనాడూ ఖాళీ కాలేదు. ఇంత ఆనందం నాకు పుట్టి పెరిగిన నగరంలో దొరకలేదు.

ఒంటరితనం వల్ల అబద్ధమాడానా? మొదటి రోజు, అవును. మరి రెండో రోజు ఎందుకు సరిదిద్దలేదు? బాగుంది కాబట్టి. అంతే.

మూడో ఏడు దసరాకు నర్సవ్వ నాకు ఒడిబియ్యం పోసింది. పుట్టింటివాళ్లు ఆడపిల్లకు పోసేవి. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవిక గుడ్డ. పీట మీద కూర్చున్నప్పుడు చెప్పేద్దామని నోరు తెరిచాను. నర్సవ్వ దోసిళ్లతో పోస్తూనే ఉంది. కొంగు బరువెక్కుతోంది. కొంగు ఇంకాస్త చాపాను. ఆ బియ్యం వండి గల్లీలో అందరికీ పెట్టాను, నేనూ తిన్నాను.

మా అమ్మ రెండు రోజులు ఉండి వెళ్దామని వస్తే, ఊరి సంగతులు అడుగుతారన్న భయంతో ఆమెకు జ్వరమని గల్లీలో చెప్పి వాకిలి దాటనివ్వలేదు. పాపం, గుండ్రాయిలా ఉన్న మనిషి. జ్వరం మనిషికని వాళ్లు పంపిన జావ, రొట్టెలు, చట్నీ అన్నీ తినేసి, "ఇంత మంచివాళ్లను లోపలికి పిలవవేమే?" అని నన్నే కోప్పడింది.

అన్నిటికంటే సిగ్గనిపించేది ఇది. నాలుగేళ్ల కిందట పక్కింట్లోకి ఒక కన్నడ అమ్మాయి వచ్చింది. ఒక్క తెలుగు ముక్క రాదు, ఏ ఊరి పేరూ చెప్పలేదు. నెల తిరిగేసరికి అదే అరుగు మీద, అదే చట్నీ నంజుకుంటూ కూర్చుంది. అంటే నేను కూడా ఒక్క నెల ఓపిక పడితే సరిపోయేదా?

ఇప్పుడు నర్సవ్వవాళ్లు కుంభారి కాలనీలో కొత్తింటికి మారారు. వారానికోసారి బస్సులో వెళ్లొస్తాను. కిందటి వారం వెళ్లేసరికి ఇల్లంతా పండగలా ఉంది. సుజాత భర్త బండి మాట్లాడాడు. ఈ వచ్చే ఆదివారం అందరూ ఆ ఊరికి ప్రయాణం. నర్సవ్వ కొత్త చీర తీసి చూపించింది, గుంత దగ్గర పెట్టడానికి ఒక కొబ్బరికాయ కూడా. "మా ఊరి పిల్ల ముందట కూసుంటది. తొవ్వ దానికి ఎరుకే" అంది.

ఫోను ఊరి దాకా దారి చూపిస్తుంది. గుంత దాకా చూపించదు. హైదరాబాద్ వెళ్లినప్పుడు రెండుసార్లు బస్టాండులో ఆ ఊరి బస్సు ముందు నిలబడ్డాను, ఎక్కలేదు. అక్కడ గుంత లేకపోతే?

అందుకే ఈ కాగితం. సగం రాశాక ఇంకో మోసం కూడా తెలిసింది. నర్సవ్వ బడికి వెళ్లలేదు, సుజాత చదువు మరాఠీలో. వాళ్లు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. తెలుగులో రాస్తే ఎవరికీ తెలియదని లోపల లెక్క వేసుకున్నానా? వేసుకునే ఉంటాను.

ఇందాక వంటింట్లో నిలబడి పైకి అన్నాను. అవ్వా, నేను మీ ఊరి పిల్లను కాను. మగ్గాల చప్పుడులో నాకే సరిగ్గా వినపడలేదు. ఇంకా గట్టిగా అన్నాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ మాట నా నోటితో విన్నాను. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఒళ్లు తేలికపడింది. ఆమె ఏమంటుందో తెలియదు. బిడ్డా అనడం మానేస్తుందేమో. తిరిగిద్దామన్నా ఆ బియ్యం ఏనాడో తినేశాను.

రేపు కుంభారి బస్సెక్కి ఈ కాగితం ఆమెకు చదివి వినిపిస్తాను. "ఉన్నదవ్వా" అన్న చోటికి రాగానే ఆమె ముఖం మళ్లీ ఆ రోజులాగే వెలిగిపోతుంది, నాకు తెలుసు. అక్కడ ఆగకుండా చివరిదాకా చదవాలి.