ముందు లెక్క, తర్వాత పేరు

నిన్న చిత్తూరులో ఒక జెరాక్స్ దుకాణంలో నిలబడి ఉండగా కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించాయి, మూలనున్న యూపీఎస్ కీచుకీచుమని మొదలుపెట్టింది. కాగితాల కోసం వచ్చినవాళ్లు విసుక్కున్నారు. నాకు మాత్రం ఇన్నేళ్లయినా ఆ చప్పుడు వింటే మునిరత్నం సారే గుర్తుకొస్తారు. కరెంటు పోతే ఆయన విసుక్కునేవారు కాదు. ఎప్పుడు పోతుందా అని కాచుకుని ఉండేవారు.

తొంభైల చివర్లో నేను తిరుపతిలో ఎంసీఏ చదివేదాన్ని. చంద్రగిరి నుంచి రోజూ బస్సు. సార్ మాకు ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే కాంట్రాక్టు లెక్చరర్, నగరిలో మగ్గాల మీద బతికే ఇంటి మనిషి. ఏటా వేసవిలో ఆయన ఉద్యోగం పోయేది, కాలేజీ తెరిచాక మళ్లీ వచ్చేది. ఆ ఏడాది ఒక పర్మనెంటు పోస్టు పడింది. దానికోసం చూపించుకోవడానికి ఆయన దగ్గరున్నది ఒక్కటే. పాఠం చెప్పడానికి వీలుగా తానే మొదటినుంచి రాసుకున్న ఒక చిన్న కెర్నెల్. యంత్రానికీ మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య ఉండి చాకిరీ అంతా చేసిపెట్టేది అదే. అందులో ఫైళ్లను లింకు చేసే భాగం రాసే పని నాకు ప్రాజెక్టుగా ఇచ్చారు. తోటివాళ్లంతా హాస్టలు బిల్లులు, లైబ్రరీ పుస్తకాలు అంటూ రంగురంగుల తెరలు చేసుకుంటుంటే, నేను నల్ల తెర ముందు కూర్చుని నా ఖర్మను తిట్టుకునేదాన్ని.

లింకు అంటే ఏమిటో ఆయన తేలిగ్గానే చెప్పారు. ఫైలు డిస్కులో ఒకచోట పడి ఉంటుంది. దాని పేరు దాని దగ్గర ఉండదు, పేర్ల పట్టీలాంటి డైరెక్టరీలో ఉంటుంది. ఒకే ఫైలుకు రెండు మూడు డైరెక్టరీల్లో పేర్లుండవచ్చు, అలా ఇంకో పేరు చేర్చడమే లింకు. మొత్తం ఎన్ని పేర్లున్నాయన్న లెక్క మాత్రం ఫైలు దగ్గరే రాసి ఉంటుంది. పేర్లు చెరిపేస్తూ పోయి ఆ లెక్క సున్నా అయిందంటే, కెర్నెల్ ఆ చోటును ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఇంతేనా అనుకుని చకచకా రాసి తెచ్చాను. ముందు డైరెక్టరీలో పేరు రాయడం, తర్వాత లెక్క పెంచడం. సార్ చదివారు. రెండింటి మధ్య కాసేపు ఆగేలా ఒక లైను చేర్చి నడపమన్నారు. అది నడుస్తుండగా వంగి గోడకున్న ప్లగ్గు పీకేశారు.

“అయ్యో సార్!” అన్నాను.

“తిరుపతిలో ఉండామమ్మా. నేను పీకకపోతే కరెంటోళ్లు పీకతారు. ఇప్పుడు సెప్పు, యాడ ఆగింది?”

“పేరు రాసినాను సార్. లెక్క పెంచలేదు.”

“అంటే పేర్లు రెండు, లెక్క ఒకటి. రేపు ఎవురో పాత పేరు చెరిపేస్తారు. లెక్క సున్నా అవుతాది. ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాది నీ కెర్నెలు. రెండో పేరు నమ్ముకోనుండే వాని గతేంది? తెరిస్తే వాని ఫైలు ఉండదు, ఊరోళ్ల ఫైలు ఉంటాది.”

ఆయన తిరగరాయించారు. ముందు లెక్క పెంచాలి, తర్వాత పేరు రాయాలి. చెరిపేటప్పుడు ముందు పేరు తీయాలి, ఆ తర్వాతే లెక్క తగ్గించాలి. సగంలో ఆగిపోతే లెక్క ఒకటి ఎక్కువగా మిగులుతుంది, డిస్కులో కాస్త చోటు వృథా పోతుంది.

“అప్పుడూ తప్పే కదా సార్,” అన్నాను మొండిగా.

“తప్పే. సగంలో ఆగినాక తప్పు లేకుండా యాడుంటాదమ్మా? ఆ తప్పు ఎవురి నెత్తిన పడాల అనేది మాత్రం మన చేతిలో ఉండాది. మన నెత్తిన పడనీ. నమ్మినోడి నెత్తిన వద్దు.”

అప్పటికి అది నాకు ప్రోగ్రాము రాసే పద్ధతిగానే అనిపించింది. ఆయన బతికే పద్ధతి కూడా అదేనని తెలిసే వయసు కాదు.

ఇంటర్వ్యూ కమిటీకి కెర్నెల్ చూపించే రోజు కీబోర్డు దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ముందురోజే బతిమాలాను, ప్లగ్గు జోలికి పోవద్దు సార్, మామూలుగా లింకు చేసి చూపిద్దామని. ఆయన నవ్వారు.

“కరెంటు ఉన్నప్పుడు ఎవురు రాసినా పనిచేస్తాదమ్మా. దాంట్లో మనం చేసిందేముండాది?”

అన్నట్టే లింకు సగంలో ఉండగా అందరి ముందూ ప్లగ్గు పీకారు. యంత్రం మళ్లీ లేచింది. ఫైలు చెక్కుచెదరలేదు. డిస్కును సరిచూసే ప్రోగ్రాము మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పింది, లెక్క రెండు, పేరు ఒకటి, తేడా ఉందని. బయటినుంచి వచ్చిన నిపుణుడు కళ్లద్దాలు సర్దుకుని ముందుకు వంగాడు.

“తప్పుందని మీ ప్రోగ్రామే చెబుతోంది కదండీ?”

“ఉంది సార్. కావాలనే తప్పును ఆ పక్కకు నెట్టినాము. ఫైలు భద్రంగా ఉంది చూడండి,” అన్నారు మా సార్.

“అంటే తప్పుందని ఒప్పుకుంటున్నారు.”

“ఒప్పుకుంటున్నాను సార్.”

ఆ పెద్దమనిషి పక్కాయనతో ఏదో అని నవ్వాడు. సార్ వివరించబోతే టైమైపోయిందన్నారు. పోస్టు ఇంకొకాయనకు వచ్చింది. ఆయన చూపించినదానికి రంగులున్నాయి, ఆయన ప్లగ్గూ పీకలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. సార్‌కేమో నా మార్కుల దిగులు పట్టుకుంది. ఆ తేడా అమ్మాయి చేసింది కాదు, నేను చెప్పి చేయించిందని హెడ్డుగారికి చెప్పి వచ్చారు. నా మార్కులు నిలబడ్డాయి. ఆ మాటే పట్టుకుని తర్వాతి ఏడాది ఆయనకు కాంట్రాక్టు కూడా ఇవ్వలేదు.

నాకు ఉద్యోగం వచ్చిన కొన్నేళ్లకు నగరి వెళ్లాను. వడమాలపేట, పుత్తూరు దాటి బస్సు పోతున్నంతసేపూ ఏం మాట్లాడాలో కూడగట్టుకున్నాను. సార్ అప్పటికి వాళ్ల అన్నగారి మరమగ్గాల షెడ్డులో పని చేస్తున్నారు. ఆ రొదలో ఆయనకు వినికిడి తగ్గిపోయింది. నేను అరిచి చెప్పాల్సి వచ్చింది.

“కెర్నెల్ ఎక్కడుంది సార్?”

“ఆ కాలేజీ మిషన్లోనే ఉండె. కొత్త మిషన్లు తెచ్చి పాతవి పారేసినారంట గదా. నీ లింకు నీ దగ్గరుండాదా?”

“ఉంది సార్.”

“అదొక్కటీ ఏం చేసుకుంటావులే.”

మా కంపెనీకి రమ్మని అడిగాను. తల అడ్డంగా ఊపి, తెగిన పోగు ముడి వేయడానికి వెళ్లిపోయారు. తిరిగి వచ్చే బస్సులో ఏడ్చాను. మరో రెండేళ్లకు వాళ్ల అన్న ఫోను చేశాడు.

“జొరమని పడుకున్నాడమ్మా. ఆస్పత్రికి పోదాం రారా అంటే, నీకెందుకన్నా తిప్పలు, అదే తగ్గిపోతాదిలే అనినాడు. తగ్గలేదు.”

నేను చేసేది డిస్కుల్లో ఫైళ్లను కాపాడే సాఫ్ట్‌వేర్ రాసే పని. ఈనాటికీ ఏది రాసినా, ఇది సగంలో ఆగితే ఎవరు నష్టపోతారని ముందు చూసుకుంటాను. డిస్కులో ఎక్కువగా మిగిలిన లెక్కను వెతికి సరిచేసే ప్రోగ్రాములున్నాయి, వృథా అయిన చోటు తిరిగి వస్తుంది. సార్ తన నెత్తిన వేసుకున్నదాన్ని ఎవరూ సరిచేయలేదు, ఇక చేయలేరు. ఆయన నేర్పింది తప్పని అనలేను. ఆయన పోయిన తీరు తలుచుకుంటే ఒప్పని అనడానికీ నోరు రాదు.

మొన్న మా దగ్గర కొత్తగా చేరిన ఒక అమ్మాయి, ముందు పేరు రాసి తర్వాత లెక్క పెంచే వరసలో ప్రోగ్రాము తెచ్చింది. తిప్పి రాయమన్నాను.

“ఎలాగైనా తప్పే కదా మేడం, ఇలాగే ఎందుకు?” అంది.

మన నెత్తిన పడనీ అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల మొహం చూసి మింగేశాను.

“ఊరికే, అలా రాయమ్మా,” అన్నాను.