లాకు దగ్గరి పచ్చిక బయలు

పచ్చిక మొలిపించి పశువులను పోషించే దేవునికి స్తోత్రం.

మా బందరు సంఘానికి ఊరి పక్కనే ఒక పొలం ఉంది. ఇటుక బట్టీ కోసం దానిని కొనాలనుకుంటున్న వర్తకుడు రాజమహేంద్రవరంలో ఉంటాడు. బేరం తేల్చుకు రమ్మని సంఘ పెద్దలు నన్ను పంపారు.

కాలువ పడవ ధవళేశ్వరం లాకు దగ్గర, నీటి తలుపులు తెరిచేదాకా ఆగినప్పుడు గట్టెక్కాను. పట్నానికి అంత చేరువలో, ఒక్క ఇల్లయినా లేని పచ్చటి బయలు కనిపించింది. దీనిని ఎవరూ అడగలేదా అని గేదెలు మేపుతున్న ముసలమ్మను అడిగాను.

"అడక్కేమండి. ఊరుమ్మడి బయలండి ఇది. అడగొచ్చినోళ్ళకి ముందు ఈ గడ్డి తిన్న గేదె మజ్జిగ పోస్తామండి. తాగేక అడగమంటాం."

"తాగి కూడా అడిగినవాళ్ళు లేరా అమ్మా?"

"ఒకాయన అడిగేడండి. ఇంకో ముంత పోసేం. మూడోది పోస్తుంటే ఆయనే లేచెళ్ళిపోయేడు. తవరూ బేరానికేనా అండి?"

కాదన్నాను. మా పొలం అమ్మడానికి వెళ్తున్నానని చెప్పడానికి నోరు రాలేదు.

నాకు కడుపు మండిపోయింది. వాక్యం వినని ఊరికి అంత పట్టుదల ఉంది, వారం వారం వినే మాకు లేదు. పొరుగువాని సొత్తు ఆశించకూడదని పిల్లలకు వల్లె వేయించే నేను ఆ గడ్డిని, ఆ గేదెలను, చివరికి ఆ ముసలమ్మ నవ్వును కూడా ఓర్వలేకపోయాను.

వర్తకుణ్ణి కలవకుండానే తిరిగి వచ్చాను. ఈ ఆదివారం పెద్దలకు జవాబు చెప్పుకోవాలి. నన్ను వెనక్కి తిప్పింది భక్తి కాదు, అసూయ. అయినా మా పొలం మాకు మిగలాలని, చదువుతున్న మీరు నాతో కలిసి ప్రార్థించండి.