కొంగ కాలి దారం

ఈ రోజు పొద్దున్న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ ఒడ్డున ఒక తెల్ల కొంగను ఫోటో తీశాను. లేత ఎండలో రెక్కలు విప్పి మెరిసిపోతోంది. ఇన్నేళ్లలో నేను తీసినవాటిలో ఇదే మంచి ఫోటో అనుకుంటూ ఇంటికొచ్చాను. కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే, దాని ఎడమ కాలికి చేపల వల తాలూకు నీలం నైలాన్ దారం చుట్టుకుని వేలాడుతోంది. అందం చెడుతోందని ఎడిటింగ్‌లో ఆ దారాన్ని చెరిపేశాను. క్షణంలో పోయింది.

మా ఆవిడకు రెండు ఫోటోలూ చూపించాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

“అమ్మయ్య, దారం ఊడదీశారా! అసలు కొంగ మీ చేతికెలా చిక్కిందండీ?”

“కాలికున్నది కాదే, ఫోటోలోది చెరిపేశాను.”

“అయితే అది ఇంకా అలాగే తిరుగుతోందా?”

భోజనం కూడా చేయకుండా ఇద్దరం మళ్లీ వెళ్లాం. పశువుల డాక్టరుగా పనిచేసే మిత్రుణ్ణి కూడా రమ్మన్నాను. కొంగ అక్కడే ఉంది. ఎడమ కాలు నేల మీద మోపలేకపోతోంది. మేం దగ్గరికి వెళ్లేసరికి దారంతో సహా ఎగిరి అవతలి ఒడ్డుకు పోయింది. సాయంత్రం దాకా చూశాం, తిరిగి రాలేదు.

ఇక్కడ పెట్టింది చెరపని ఫోటో. దయచేసి బాగుందని మాత్రం అనకండి. అటువైపు వెళ్లేవాళ్లుంటే కాస్త కొంగల కాళ్లకేసి చూడండి. దారం కనిపిస్తే వెంటనే చెప్పండి, ఏ వేళయినా వస్తాం.