ఆ పూట ఎస్తేరమ్మ సూది నా చేతికిచ్చింది

1968 జూన్‌లో నన్ను విశ్వవిద్యాలయ ఆవరణలోని వైద్యశాలలో స్టాఫ్ నర్సుగా వేశారు. శిక్షణ ముగించుకుని మెదక్ నుంచి వచ్చిన నాకు అదే మొదటి ఉద్యోగం. నా పైన సిస్టర్ ఇన్‌చార్జి ఎస్తేరమ్మ. కడప వైపు మనిషి. భర్త ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. తార్నాకలో నీలం తలుపుల అద్దె ఇంట్లో ఉండేవారు. ఆమె, నేను ఒకే చర్చికి వెళ్లేవాళ్లం.

మరుసటి ఏడాది తెలంగాణ ఉద్యమం వచ్చింది. తరగతులు ఆగిపోయాయి. పగలంతా మా చెవులు గేటు వైపే ఉండేవి. నినాదాలు దగ్గరైతే గాజుగుడ్డ కత్తిరించడం మొదలుపెట్టేవాళ్లం, దూరమైతే కత్తెర పట్టుకుని అలాగే నిలబడేవాళ్లం. కూర్చుంటే కాలు ఆగేది కాదు. నేను ఇక్కడిదాన్ని, ఆమె కాదు. ఆ మాట మా మధ్య ఎన్నడూ రాలేదు గాని, గదిలో మాతోపాటే ఉండేది.

ఒక మధ్యాహ్నం లాఠీచార్జి తర్వాత మల్లేశ్ అనే విద్యార్థిని స్నేహితులు మోసుకొచ్చారు. తల పగిలి, గాయం నిండా మట్టి. మా డాక్టరు నల్లకుంటలో ఉంటారు, దారులన్నీ మూసేశారు. గాయం కడిగి కట్టు కట్టమనీ, కుట్లు తాను వచ్చి వేస్తాననీ, ఈలోగా ఏటీఎస్ ఇవ్వమనీ ఫోనులో చెప్పారు. ఏటీఎస్ అంటే ధనుర్వాతం రాకుండా ఇచ్చే మందు. గుర్రపు రక్తం నుంచి తీసేవారు, కొందరికి పడదు. అందుకే ముందు చర్మంలోకి చుక్కంత ఎక్కించి అరగంట చూడాలి.

ఆ చుక్క ఎస్తేరమ్మే ఎక్కించింది. బయట పోలీసు జీపు తిరుగుతోంది. "జల్దీ ఇచ్చి పంపియ్యండి సిస్టర్, పోలీసోల్లు వస్తే పట్టుకపోతరు" అని స్నేహితులు గొడవ. ఆమె వాళ్లను వరండాలోకి పంపి, గడియారం కింద కూర్చుంది.

మల్లేశ్ నొప్పి మరిచిపోవడానికేమో మాట్లాడుతూనే ఉన్నాడు. "పొద్దుగాల తార్నాకల ఒక ఆంధ్రోళ్ల ఇంటి మీద నేను రాయేసిన, సిస్టర్. నీలం తలుపులు. కిటికీ అద్దం ఫట్‌మన్నది" అన్నాడు నాతో.

నేను ఎస్తేరమ్మ వైపు చూడలేకపోయాను. ఆమె లేచి, కుళాయి దగ్గరికి వెళ్లి, అప్పటికే కడుక్కున్న చేతులు మళ్లీ కడుక్కోసాగింది. పెదవులు కదులుతున్నాయి. అంతలో మా అటెండరు యాదగిరి పరుగున వచ్చాడు.

"అమ్మా, సారుకు కంట్ల గాజుపెంకు గుచ్చుకున్నదట. పక్కింటోళ్లు పెద్ద దవాఖానకు తీస్కపోయిండ్రు. ఆపరేషన్ చేస్తరంట, మిమ్ముల రమ్మంటున్నరు."

మల్లేశ్ లేచి కూర్చున్నాడు. ఏ సారు, ఏ ఇల్లు అని ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. ఆమె అతని దగ్గరికి వచ్చి ముంజేయి తిప్పి చూసింది. చుక్క ఎక్కించిన చోట చర్మం ఎర్రగా పొంగింది. మందు పడలేదు.

మళ్లీ ఫోను. గాయంలో అంత మట్టి ఉన్నప్పుడు మందు మానడమూ ప్రమాదమే కనుక, బాగా పలచన చేసి కొద్దికొద్దిగా ఇవ్వమన్నారు డాక్టరు. ఇన్‌చార్జి మంచం పక్క నుంచి కదలకూడదన్నారు. కంటి సంగతి ఆమె ఆయనకు చెప్పలేదు. నేను చెప్పబోతే చేత్తో వారించింది.

నేను మందు సిరంజిలోకి తీస్తుంటే మల్లేశ్ గోడకు ఒదిగిపోయాడు. "ఆ సిస్టర్‌తోని సూది వద్దు" అన్నాడు. గొంతు పిల్లాడి గొంతైపోయింది.

"నువ్వు భయపడేది తప్పేం గాదు నాయనా" అంది ఎస్తేరమ్మ. నాకేసి తిరిగి, "సుగుణా, మందు నువ్వే వెయ్యి. ఈ పూట నా చెయ్యిని నేను నమ్మలేను. పక్కన కూచోని చూస్తాంటా" అంది.

అలాగే చేశాం. రెండో మోతాదుకే అతనికి దగ్గు తెర, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి బిగుసుకుంది. నేను చూస్తున్నానే గాని నా చేతులు ఆడలేదు. మందు వికటిస్తే వాడటానికి పక్కన సిద్ధంగా ఉంచిన అడ్రినలిన్ తీసి ఎస్తేరమ్మ ఎక్కించింది. అప్పుడు నమ్మకం గురించి ఆలోచించే వ్యవధి లేదు. ఊపిరి తేలికయ్యాక కూడా ఆమె అతని నాడి వదల్లేదు. సందు గొందులు తిరిగి డాక్టరు వచ్చేసరికి పొద్దు వాలింది. ఇక ఆ మందు వద్దన్నారు ఆయన. అప్పుడు ఎస్తేరమ్మ భర్త కంటి సంగతి ఆయనకు చెప్పి పెద్ద దవాఖానకు వెళ్లింది, కాలినడకన.

ఆమె భర్త కన్ను దక్కలేదు. మల్లేశ్‌కు ధనుర్వాతం రాలేదు. కుట్లు విప్పించుకోవడానికి వచ్చిన రోజు అతను వరుసలో నా వైపు రాకుండా ఆమె ముందే నిలబడ్డాడు. ఆమే విప్పింది. తర్వాత క్షమాపణ అడగడానికి తార్నాక ఇంటికి చాలాసార్లు వెళ్లాడట. ఆమె భర్త అతన్ని కలవడానికి ఎంతోకాలం బయటికి రాలేదు. ఆమె ఆయన్ను తొందరపెట్టనూ లేదు, పిల్లవాణ్ణి రావద్దననూ లేదు.

ఎట్ల తట్టుకున్నవక్కా అని ఒకసారి అడిగాను.

"యాడ తట్టుకుంటి? లోపలంతా ఉడికిపోతాండె. లేచి పోదామా, వాని చెంప పగలగొడదామా అని ఒకటే తొందర. ప్రభువా, ఈ ఒక్క నిమిషం నన్ను పట్టుకో, ఇంగో నిమిషం మళ్లీ అడుగుతా అనుకుంటా కూచుంటి."

ఆశానిగ్రహం, అంటే తనను తాను అదుపులో పెట్టుకోవడం గురించి చర్చిలో ఎన్నో ప్రసంగాలు విన్నాను. అది నెమ్మదైన మనుషులకు పుట్టుకతో వచ్చే గుణమనుకునేదాన్ని. ఆ పూట ఆమెలో నెమ్మది ఏ కోశానా లేదు. తన మీద తనకు అదుపు తప్పవచ్చని ముందే ఒప్పుకుని, సూది నాకిచ్చి, దేవుణ్ణి అడుగుతూ కూర్చుంది. తర్వాత నేను నర్సింగ్ సూపరింటెండెంటునయ్యాక, "ఇవాళ నా చెయ్యి బాగాలేదు" అన్న నర్సును కారణం అడగకుండా సూది పని నుంచి తప్పించేదాన్ని. ఆ వెసులుబాటును ఎవరైనా దుర్వినియోగం చేస్తారేమోనని పైవాళ్లు అనుమానించారు. నా ఉద్యోగకాలంలో అలా జరగలేదు.